కాఫీ వంతు, తెర వంతు

సోమవారం పొద్దున సైలా ఇంకా కోటు విప్పనే లేదు, కిమ్మో కుర్చీలోంచే చెయ్యెత్తి ఊపాడు.

"డాక్టరమ్మా, పేషెంటు పోయాడు."

అతని ముందు తెర నల్లగా ఉంది. పైన ఎడమ మూల చిన్న తెల్ల గీత ఒకటి కొట్టుకుంటోంది, అంతే. పక్క బల్ల రైమోది. ఆయనకు అరవై ఒకటి. పొద్దున పదిలోపు మాట్లాడటం ఆయనకు గిట్టదు. తన నల్లటి తెరను వేలితో చూపించి, కళ్ళజోడు తీసి స్వెట్టరు అంచుతో తుడుచుకోవడం మొదలుపెట్టాడు.

"శనివారం అప్‌డేట్ వచ్చినట్టుంది," అంది సైలా.

"వచ్చింది, తినేసింది, పోయింది. నా కుందేలు సగం దూకి గాల్లో ఉంది. త్వరగా దించు తల్లీ."

సైలా బూట్లకంటిన మంచును గుమ్మం దగ్గర విదిలించి, చేతి సంచి తన కుర్చీలో పడేసి, తన యంత్రం ముట్టుకోకుండానే కిమ్మో బల్ల కిందికి దూరింది. ఆ యంత్రం మీట పోయిన శీతాకాలం నుంచీ పనిచెయ్యదు. వెనక తీగ పీకి మళ్ళీ పెట్టాలి.

ఆ గదిలోని మూడు యంత్రాలూ లినక్స్ మీద నడుస్తాయి. బొమ్మలు చేసే ప్రోగ్రామూ, వాటిని కదిలించేదీ, రంగులు సరిచేసేదీ అన్నీ ఎవరైనా తెరిచి చూసుకోగలిగినవే. ఒక్క గ్రాఫిక్స్ కార్డు డ్రైవర్ తప్ప. కార్డు చేసిన కంపెనీ దాన్ని మూసిపెట్టి ఇస్తుంది. సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్ మారినప్పుడల్లా ఆ డ్రైవర్‌ను దానికి తగ్గట్టు మళ్ళీ కట్టుకోవాలి. కట్టడం ఒక్కోసారి దానంతటదే అవుతుంది. కానప్పుడు తెర నల్లబడుతుంది, సైలాను పిలుస్తారు.

ఆమె పాత కెర్నెల్‌తో యంత్రాన్ని లేపింది. అక్షరాలు తప్ప ఇంకేమీ లేని తెర ముందు నిలబడే ఆదేశాలు కొట్టింది. తెల్లటి వరసలు చీమల బారులా పైకి పాకుతుంటే కిమ్మో కాళ్ళు హీటరు మీద పెట్టుకుని కాఫీ తాగాడు.

"నువ్వు లేకపోతే మేమంతా సున్నా," అన్నాడు. నిజంగానే అన్నాడు. వెటకారం లేదు.

కిమ్మో యంత్రం లేచేసరికి తొమ్మిదిన్నర. రైమోది లేచేసరికి పదిన్నర దాటింది. ఆ వెనకే, కిందనున్న హమేన్‌కాతు వీధిలో ట్రామ్ ఒకటి వెళుతూ సన్నగా ఒక్కసారి గంట కొట్టింది. సైలా వినలేదు. ఆ సమయానికి ఆమె ఇంకా రైమో బల్ల కింద, తీగలు సర్దుతూ, దుమ్ముకు తుమ్ముతోంది.

వినలేదని తెలిసింది మధ్యాహ్నం, ఫోన్ చూసుకున్నప్పుడు. "పది నలభై. కొట్టాను. కిటికీలో ఎవరూ లేరు. ప్రయాణికుల్లో ఒక ముసలాయన మాత్రం నాకు నమస్కారం పెట్టాడు," అని తువోమో రాశాడు. పెళ్ళయి అయిదు నెలలు. సైలాకు నలభై మూడు, అతనికి నలభై ఏడు. ఉదయం వంతు ఉన్న రోజుల్లో ట్రామ్ నడుపుతూ ఆమె పనిచేసే భవనం కింద ఒక్క గంట కొట్టడం అతనికి అలవాటయింది. అలా కొట్టకూడదు. అందుకే ఒక్కటే కొడతాడు. సైలా ఆ సందేశాన్ని రెండుసార్లు చదువుకుని, ఫోను బోర్లా పెట్టింది.

సాయంత్రం తార్యా తన గదిలోంచి వచ్చింది. ఈ చిన్న సంస్థకు బాధ్యురాలు ఆమే. ఫైలు చేత్తో పట్టుకుని నడవడం, మాట్లాడేటప్పుడు దాన్ని తలుపుకు ఆనించుకోవడం ఆమె పద్ధతి.

"నగరం వాళ్ళు గ్రాంటు ఇచ్చారు. మూడు కొత్త కార్డులకు. శుక్రవారం లోపల ఆర్డరు వెళ్ళాలి. ఏది కొనాలో నువ్వు తేల్చు సైలా, నీకే కదా తెలుసు."

"సరే."

"ఇంకోటి. నీ నలభై సెకన్లు ఎంతవరకు వచ్చాయి?"

సైలా తన తెర వైపు చూసింది. పన్నెండు నిమిషాల చిత్రం అది. గడ్డకట్టిన సరస్సులో కోసిన నీటి గుంటకు రోజూ ఈతకొచ్చే ఒక ముసలావిడ, దూరం నుంచి ఆమెను చూసే ఒక కుందేలు. కుందేలు అంతా కిమ్మోది. ముసలావిడ నిచ్చెన దిగి నీళ్ళలోకి వెళ్ళే నలభై సెకన్లు సైలావి. ఈ సంస్థకు వచ్చాక మొదటిసారి ఆమె చేతికొచ్చిన కదలిక. ఇంతకుముందు చిత్రాల చివర ఆమె పేరు 'సాంకేతిక సహాయం' కింద, కాఫీ ఇచ్చిన దుకాణం పేరుకు కొంచెం పైన పడేది.

"మెట్ల వరకూ వచ్చింది. చెయ్యి ఇంకా కుదర్లేదు."

"శుక్రవారానికి రాకపోతే కిమ్మో అందుకుంటాడులే. నీ మీద భారం తగ్గుతుందనే అంటున్నా," అని తార్యా ఫైలు తలుపు మీంచి తీసుకుంది.

కాఫీ మూలలో గోడ మీద వంతుల కాగితం ఉంది. ఈ వారం రైమో, పై వారం కిమ్మో, ఆ పైన తార్యా, మళ్ళీ రైమో. ఎవరి వారం వాళ్ళు పొద్దునా మధ్యాహ్నమూ కాఫీ పెట్టాలి, కప్పులు కడగాలి. అందులో సైలా పేరు లేదు. చేరిన కొత్తలో రాయబోతే అందరూ కలిసి ఆపారు, "నీకెందుకు, యంత్రాలు చూసుకుంటున్నావు కదా" అని. అదొక మర్యాద అనుకుంది అప్పట్లో.

*

మంగళవారం తువోమోది మధ్యాహ్నం వంతు. పొద్దున ఇద్దరూ నాసియార్వి సరస్సుకు వెళ్ళారు. సైలా ఈతకు కాదు, చూడటానికి వచ్చింది. తువోమో దిగాడు, పెద్దగా బూతు మాట అన్నాడు, ఎక్కాడు. వాళ్ళ మొత్తం ఈత అంతే.

అతని వెనక ఒక పెద్దావిడ. ఉన్ని టోపీ, ఉన్ని చేతి తొడుగులు, ఈత దుస్తులు. నిచ్చెన దగ్గర తొడుగులు విప్పి కడ్డీకి తగిలించింది. ఎనభై దాటి ఉంటుంది. ఒక్కో మెట్టూ లెక్కపెడుతున్నట్టు దిగింది. నీళ్ళు ఛాతీ దాకా వచ్చాక కుడి చెయ్యి కడ్డీని వదల్లేదు. ముందు చిటికెన వేలు లేచింది. తర్వాత దాని పక్కది. నాలుగు వేళ్ళూ లేచినా బొటనవేలు మాత్రం కడ్డీని ఆనుకుని ఉండిపోయింది, గుమ్మంలో నిలబడి ఇంకో మాట చెప్పి వెళ్ళే మనిషిలా. తర్వాత అదీ వదిలింది.

"చూశావా?" అంది సైలా.

"ఏంటి?" తువోమో తువాలులో వణుకుతున్నాడు.

"బొటనవేలు. చివర్న వదిలింది."

"నాకు నా వేళ్ళే తెలియట్లేదు, ఇంకొకళ్ళవి ఏం చూస్తాను," అన్నాడు. ఫ్లాస్కులోంచి వేడి బెర్రీ రసం పోసి ముందు ఆమెకిచ్చాడు. తన పళ్ళు టకటకలాడుతున్నా ముందు ఆమెకే. సైలాకు ఆ కప్పు పట్టుకుని ఆ మంచు మీదే రోజంతా నిలబడిపోవాలనిపించింది.

కానీ పదింటికి దుకాణం. అక్కడ తెలిసినాయన రెండు రోజుల పరీక్షకని రెండు కార్డులు అట్టపెట్టెల్లో పెట్టి ఇచ్చాడు. ఆఫీసుకు వచ్చేసరికి రైమో తెర మీద రంగులు వంకరగా ఉన్నాయి. అది సరిచేసింది. కిమ్మో పెన్ టాబ్లెట్ పలకడం లేదు. అది సరిచేసింది. తన ఫైలు తెరిచి కడ్డీ మీది చేతిని పట్టుకునేసరికి మూడు. బొటనవేలి కీలుకు రెండు గంటలు పట్టింది. నాలుగు వేళ్ళు మిగిలాయి.

*

బుధవారం పరీక్ష. సైలా తన యంత్రాన్నే బల్ల మీద పక్కకు పడుకోబెట్టింది. హీటరు ఇనుమును ముట్టుకుని ఒంట్లో కరెంటు వదిలించుకుంది. పక్క రేకు తీసి, రెండు మరలు విప్పి, కార్డు తోక దగ్గరి చిన్న గడియను గోటితో నొక్కింది. పాత కార్డు కిచ్‌మని లేచింది. దాని పంకాల్లో అయిదేళ్ళ దుమ్ము నూగులా పేరుకుపోయింది.

ముందు మూసిన డ్రైవరున్న కార్డు పెట్టింది. అది లేవడానికి గంట తీసుకుంది. తర్వాత తన దృశ్యాన్నే పెట్టింది. కంపెనీల పరీక్ష బొమ్మలను ఆమె నమ్మదు. వాటిలో మంచు ఉండదు, నీళ్ళలో మంచు నీడ ఉండదు. ఒక్క ఫ్రేము గీయడానికి నాలుగు నిమిషాల పది సెకన్లు.

తర్వాత తెరిచిన డ్రైవరున్న కార్డు. ఆ డ్రైవర్ కెర్నెల్‌తో పాటే వస్తుంది, దాంతో పాటే మారుతుంది. కార్డు పెట్టి, మీట నొక్కితే తెర వెలిగింది. ఆమె ఏమీ చెయ్యలేదు. కాసేపు చేతులు ఒళ్ళో పెట్టుకుని ఆ వెలుతురు వైపు చూసింది. చిత్రం గీసే ప్రోగ్రాముకు మాత్రం విడిగా ఒక ముక్క కలపాలి. అదీ దాన్ని తయారుచేసినవాళ్ళు ఇచ్చిన జాబితాలో ఉన్న కార్డులకే పనిచేస్తుంది. ఇది జాబితాలో ఉంది, ఆమె దుకాణంలోనే మూడుసార్లు చూసుకుంది. ఆ ముక్క కలపడానికి ఇరవై నిమిషాలు. ఒక్కసారి కలిపితే చాలు. మెమరీ మొదటి దానికంటే నాలుగు గిగాబైట్లు ఎక్కువ. ఫ్రేముకు ఆరు నిమిషాల ఇరవై సెకన్లు.

కిమ్మో తెల్ల బోర్డు దగ్గరికి వెళ్ళి రెండు అంకెలు పెద్దగా రాశాడు. 4:10. 6:20. మొదటిదాని చుట్టూ సున్నా చుట్టి, దానికి కుందేలు చెవులు పెట్టాడు.

"అయిపోయిందిగా. ఇందులో తేల్చడానికేముంది?"

"అంకెలు రెండేనా?" అంది సైలా.

"మూడోది ఏముంది?"

ఆమెకు చెప్పే ఓపిక లేకపోయింది. వేళ్ళకు కార్డు నూగు అంటింది. కడుక్కోవడానికి వెళ్ళింది.

*

గురువారం అంటే బఠానీ సూపు. కింద భోజనశాల నుంచి నలుగురూ పళ్ళేలు పైకి తెచ్చుకుని, బల్ల చుట్టూ కూర్చుని తింటూనే సమావేశం చేస్తారు. తార్యా సూపులో ఆవపిండి కలుపుకుంటూ, "చెప్పు సైలా," అంది.

సైలా చెప్పింది. మూసిన కార్డు వేగం. తెరిచిన కార్డు నింపాది. ఇందులో మెమరీ ఎక్కువ, అందులో తక్కువ. "నా ఓటు తెరిచినదానికి," అంది చివర.

"మన దృశ్యాలు రెండింట్లోనూ పట్టాయా?" అడిగింది తార్యా.

"పట్టాయి."

"మరి నింపాదిది ఎందుకు?"

"కెర్నెల్ మారినప్పుడల్లా మూసినదానికి డ్రైవర్ కట్టాలి. నెలకు రెండుసార్లు, ఒక్కోసారి మూడు. మూడు యంత్రాలకు."

"అప్‌డేట్లు ఆపేస్తే?"

"భవనం నగరానిది, నెట్‌వర్కు వాళ్ళది. ఆపితే మన తీగ పీకేస్తారు. పోయిన ఏడాది పీకారు కదా."

"అవును, పీకారు."

"అయినా దానికి నువ్వున్నావుగా," అన్నాడు కిమ్మో, రొట్టె మీద వెన్న రాస్తూ. "పది నిమిషాల పని నీకు. మొత్తం చిత్రానికి లెక్కేసుకో, ఫ్రేముకు రెండు నిమిషాలు మిగిలితే ఎన్ని రోజులవుతుందో."

అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు ఉందనుకుంది సైలా. పైకి అనలేదు. అతని ముఖంలో చెడ్డతనమేమీ లేదు. వెన్న కత్తి ఆమె వైపే చాపి, "కావాలా?" అన్నాడు కూడా.

"రైమో?" అంది తార్యా.

రైమో చెంచా కింద పెట్టాడు. "రంగులు రెండింట్లోనూ ఒకేలా ఉన్నాయి. నాకేదైనా ఒకటే. వేగంగా అయితే ఇంటికి వేగంగా పోతా."

"అయితే ముగ్గురం ఒకటి, నువ్వు ఒకటి," అంది తార్యా. నొచ్చుకుంటున్నట్టే అంది. "ఏమనుకోకు."

"ఏమనుకోను," అంది సైలా. "సరే. అదే కొందాం."

సూపు అడుగున మిగిలిన రెండు బఠానీలను చెంచాతో ఒక పక్కకు చేర్చింది. మోకాళ్ళలో సోమవారం నాటి నొప్పి ఇంకా ఉంది. తల తిప్పితే కాఫీ మూల కనిపించింది, గోడ మీద కాగితం, దాని మీద రైమో, కిమ్మో, తార్యా. ఎవరి వంతు వాళ్ళది. ఆ కాగితాన్ని ఆమె ఎన్నోసార్లు చూసింది. ఇవాళ ఎందుకో దాని గీతలు కూడా కనిపించాయి, స్కేలు పెట్టి గీసినవి.

ఆమె లేచి ప్రింటరులోంచి ఒక తెల్ల కాగితం తీసుకుంది. రైమో స్కేలు అడిగి తీసుకుంది. నిలువుగా రెండు గీతలు, అడ్డంగా ఎనిమిది. పైన 'తెర వంతు' అని రాసింది. కింద పై సోమవారం తేదీ వేసి, కిమ్మో. తర్వాతి వారం రైమో. తర్వాత తార్యా. తర్వాత సైలా. మళ్ళీ మొదటి నుంచి. కాగితాన్ని కాఫీ వంతుల పక్కన అయస్కాంతంతో అంటించి, పాత కాగితంలో తార్యా పేరు కింద తన పేరు కూడా రాసింది.

"ఇదేంటి?" అన్నాడు కిమ్మో.

"ఆ వారం తెర నల్లబడితే, ఆ వారం పేరున్నవాళ్ళు లేపాలి. మూడు యంత్రాలూ. నేను నేర్పుతా. నువ్వన్నట్టే, పది నిమిషాల పని." ఆమె స్కేలు రైమోకు తిరిగిచ్చింది. "నా పేరు కాఫీలో కూడా వేశాను. ఇంక నేనూ మీలో ఒకదాన్నే కదా."

రైమో స్కేలును సొరుగులో పెట్టుకున్నాడు. తార్యా చివరికి, "న్యాయంగానే ఉంది," అని పళ్ళెం తీసుకుని లేచింది. కాఫీ వంతుల కాగితాన్ని కాదనగలిగిన మనిషి ఆ ఆఫీసులో ఇంతవరకూ లేడు.

"ఇప్పుడే నేర్చుకుందాం," అంది సైలా కిమ్మోతో. "పరీక్ష కార్డు ఇంకా నా యంత్రంలోకి పెట్టొచ్చు. కొత్త కెర్నెల్ ఒకటి నిన్న సాయంత్రమే నా యంత్రంలోకి ఎక్కించాను."

మూసిన కార్డు పెట్టింది. యంత్రాన్ని కిమ్మోకు అప్పజెప్పింది. ఒక కాగితం మీద ఆదేశాలు వరసగా రాసిచ్చింది, పిల్లలకు పాఠం రాసిచ్చినట్టు. తను అతని కుర్చీలో, అతని యంత్రం ముందు కూర్చుని తన ఫైలు తెరిచింది.

మొదటి ఇరవై నిమిషాలు కిమ్మో పాట హమ్ చేశాడు. తర్వాత ఆపేశాడు.

"ఇక్కడ ఎర్రగా ఏదో అంటోంది."

"చదువు."

"చదివాను. అర్థం కాలేదు."

"ఇంకోసారి చదువు. కింది నుంచి పైకి."

ఆమె చిటికెన వేలును కడ్డీ మీంచి లేపింది. తొందరగా లేచింది. రెండు ఫ్రేములు వెనక్కి లాగింది. ఇప్పుడు సరిగ్గా వచ్చింది. చలికి బిగుసుకున్న వేలు లేచినట్టు, ఇష్టం లేకుండా.

"ఒక అక్షరం తప్పు కొట్టా," అన్నాడు కిమ్మో కొంతసేపటికి. గొంతు మారింది. "మళ్ళీ మొదటి నుంచా?"

"మొదటి నుంచే."

రైమో తన కుర్చీ తిప్పుకుని చూస్తున్నాడు. "పై వారం కాక ఆ పై వారం నాది," అన్నాడు ఎవరితోనో.

ఒక గంటా అయిదు నిమిషాలకు తెర వెలిగింది. కిమ్మో చేతులు రెండూ జుట్టులో పెట్టుకుని వెనక్కి వాలాడు. "ఇది ఒక యంత్రమేగా," అన్నాడు.

"అవును. ఒకటే."

సైలా నాలుగో వేలు పూర్తిచేసింది. ఆ మధ్యాహ్నం ఆమెను ఎవరూ పిలవలేదు. పిలవవలసిన మనిషి ఆమె యంత్రం దగ్గరే కూర్చుని ఉన్నాడు.

*

శుక్రవారం ఆమె మెట్లెక్కి వచ్చేసరికి తెల్ల బోర్డు దగ్గర ఎవరూ లేరు. కుందేలు చెవులు చెరిపేసి ఉన్నాయి. రెండు అంకెల కింద ఇంకో వరస చేరింది, కిమ్మో దస్తూరీ. 4:10 కింద "+ 65 × 3". 6:20 కింద "+ 0". ఆ 65 గుణకారం దగ్గర ఒకసారి చెరిపి మళ్ళీ రాసిన గుర్తు. ఆ లెక్క ఎవరికైనా చెప్పాలని రాసింది కాదు. తనకు తాను వేసుకున్నట్టు ఓ మూలగా, చిన్న అక్షరాల్లో ఉంది.

కిమ్మో తన బల్ల దగ్గర ఉన్నాడు. తల ఎత్తలేదు.

తొమ్మిదింటికి తార్యా ఫైలుతో వచ్చింది. "ఆర్డరు పంపుతున్నా. మూసిన కార్డులు మూడు, అంతేనా?"

హీటరు లోపల నీళ్ళు గలగలమన్నాయి.

"ఫ్రేముకు రెండు నిమిషాలు ఎక్కువైతే ఏమవుతుందిలే," అన్నాడు కిమ్మో తెర వైపే చూస్తూ. "ఆ లోపల కాఫీ తాగొచ్చు."

"నువ్వే కదయ్యా నిన్న ఇన్ని రోజులు మిగులుతాయని లెక్కలు చెప్పావు."

"చెప్పాను. సగం లెక్క చెప్పాను."

తార్యా రైమో వైపు చూసింది. రైమో కళ్ళజోడు తీశాడు, తుడిచాడు, పెట్టుకున్నాడు. "నేను ముసలాణ్ణి. నాతో అక్షరాలు కొట్టించకండి," అన్నాడు. "తెరిచిందే తెప్పించండి. ఇంటికి కాస్త ఆలస్యంగా పోతా. అక్కడ నాకోసం ఎవరు కాచుకుని ఉన్నారు, పిల్లి తప్ప."

తార్యా ఫైలులో ఒక గీత కొట్టి ఇంకోటి రాసింది. ఆమె చూపు గోడ మీది రెండు కాగితాల మీదికి వెళ్ళింది. సైలా తన బల్ల వైపు తిరిగింది. గెలిచిన సంతోషం కోసం లోపల వెతుక్కుంది. దొరికింది అలసట ఒక్కటే, చాలా దూరం మోసిన సంచిని దించాక భుజంలో మిగిలే నొప్పిలాంటిది.

మూడున్నరకు నలభై సెకన్లు తార్యాకు చూపించింది. ఇంకా రంగు లేదు, నీడ లేదు, ముసలావిడ బూడిద రంగు బొమ్మలా ఉంది. నిచ్చెన దిగింది. వేళ్ళు ఒక్కొక్కటే లేచాయి. తార్యా మళ్ళీ చూపించమంది. మూడోసారి కూడా అడిగింది. తర్వాత, "సరే, ఉంది కదా," అని వెళ్ళిపోయింది. ఇక్కడ అంతకంటే పెద్ద మెప్పు లేదు. ఆ సాయంత్రం సైలా ఆ మూడు మాటలనూ ఇంటికి తీసుకెళ్ళి తువోమోకు యథాతథంగా అప్పజెప్పింది. అతను చేపలు వేయిస్తూ, "మూడుసార్లు చూసిందా?" అని రెండుసార్లు అడిగాడు.

*

కార్డులు పై వారం బుధవారం వచ్చాయి. సాయంత్రానికి మూడూ కూర్చున్నాయి. తెర వంతుల కాగితం గోడ మీదే ఉంది, ఎవరూ తియ్యలేదు. ఎవరి వంతుకూ పని పడలేదు.

ఆ తర్వాత రెండు వారాలకు, సోమవారం పొద్దున సైలా మెట్లెక్కుతుండగానే ఫోనులో చూసింది. కొత్త కెర్నెల్. ఆదివారం వచ్చింది. అడుగులు వాటంతటవే వేగం పుచ్చుకున్నాయి. గుమ్మం దగ్గర బూట్లు విదిలిస్తూ చెవులు రిక్కించింది.

"మొయ్," అని మామూలుగా పలకరించాడు కిమ్మో. తెర వెలుగులో ఉన్నాడు. కుందేలు మంచు మీద కూర్చుని చెవి గోక్కుంటోంది. రైమో ముందు నీళ్ళ నీలం రంగు మూడు రకాలుగా పరుచుకుని ఉంది.

సైలా కోటు విప్పింది. తన కుర్చీలో కూర్చుంది. తన తెరా వెలిగింది. ఆమె అలాగే, ఒక చెయ్యి సొరుగు పిడి మీద పెట్టి ఉండిపోయింది. సొరుగులో స్క్రూడ్రైవరు, చిన్న దీపం ఉంటాయి. ఎవరైనా పిలుస్తారని కాదు. పిలవకపోతే ఆ చేతిని ఏం చెయ్యాలో వెంటనే తోచలేదు. పది నిమిషాలు గడిచాయి. గదిలో పంకాల రొద తప్ప ఏమీ లేదు. ఇన్నేళ్ళుగా ఈ గది ఇంత నిశ్శబ్దంగా ఉంటుందని ఆమెకు తెలియదు. తను లేకపోయినా నడుస్తోంది. దానికోసమే కదా అంత చేసింది. అయినా చెయ్యి సొరుగు పిడిని వదల్లేదు.

కిమ్మో లేచి ఆమె బల్ల దగ్గరికి వచ్చాడు. సైలా సొరుగు లాగేసింది, స్క్రూడ్రైవరు చేతిలోకి కూడా తీసుకుంది.

"ఏం పోయింది?"

"ఏం పోలేదు." అతను స్క్రూడ్రైవరు వైపు చూసి, ఆమె వైపు చూశాడు. "సైలా, ఆ ముసలావిడ చెయ్యి. నీ షాటు పక్కనే నా కుందేలు షాటు కలుపుతున్నా. బొటనవేలు చివర్న ఎందుకు వదిలింది? ముందు అదే కదా వదలాలి."

ఆమెకు జవాబివ్వడానికి ఒక క్షణం పట్టింది. ప్రశ్న కష్టమై కాదు. అతను తనను పేరు పెట్టి పిలవడం ఎప్పుడు విన్నదో గుర్తు చేసుకోబోయింది, గుర్తు రాలేదు.

"కాదు. చివరే. సరస్సు దగ్గర చూశాను."

"చూస్తే తప్పులా ఉంది."

"తప్పులా లేదు. భయంలా ఉంది. బల్ల అంచు పట్టుకో."

కిమ్మో బల్ల అంచు పట్టుకున్నాడు.

"కింద నీళ్ళు సున్నా డిగ్రీలు. నీకు ఎనభై రెండేళ్ళు. రోజూ దిగుతావు, అయినా రోజూ భయమే. ఇప్పుడు వదులు."

అతను చిటికెన వేలు లేపాడు. పక్కది లేపాడు. నాలుగు వేళ్ళూ గాల్లోకి వచ్చాయి. బొటనవేలు బల్ల చెక్క మీద ఆగింది. కిమ్మో దాని వైపు, తనది కానిదాని వైపు చూస్తున్నట్టు, కాసేపు చూశాడు.

"ఊఁ," అన్నాడు. "మార్చను. నా కుందేలునే ఆరు ఫ్రేములు ఆలస్యంగా తిప్పుతా. ఆ వేలు వదిలేదాకా అది చూస్తూ ఉంటుంది."

అటుపక్క నుంచి రైమో, "అది సరే కానీ," అన్నాడు. ఇంకా పది కాలేదు. "ఈ వారం కాఫీ ఎవరిది? తొమ్మిదిన్నరయింది. నా రక్తం గడ్డకడుతోంది."

సైలా లేచి గోడ దగ్గరికి వెళ్ళింది. సోమవారం తేదీ ఎదురుగా తన దస్తూరీలోనే తన పేరు ఉంది. నలుగురికి పెట్టడం ఆమెకు ఇదే మొదలు. నీళ్ళు పోసి, పొడి ఎన్ని కొలతలో తెలియక, తక్కువైతే బాగుండదని ఎక్కువే వేసింది. కాఫీ దిగింది. రైమో మొదటి గుక్క తాగి కప్పులోకి తొంగిచూశాడు.

"చెంచా నిలబడుతుంది ఇందులో."

"తాగు, తాగు," అన్నాడు కిమ్మో. "ఇంకో నెల దాకా రాదు నీ అదృష్టం."

రైమో రెండో కప్పు కూడా పోసుకున్నాడు.

కప్పులు కడిగి, తువాలు భుజాన వేసుకుని, సైలా కిటికీ దగ్గర నిలబడింది. పది ముప్పై ఎనిమిది. కింద హమేన్‌కాతు మీద మంచు కరిగి బురదయింది. ఎర్రటి ట్రామ్ మలుపు తిరిగి నెమ్మదిగా వచ్చింది. ఒక్క గంట కొట్టింది.

ఆమె తడి చెయ్యి ఎత్తింది. అద్దాల వెనక తువోమో ఇటు చూడకూడదు, రోడ్డే చూడాలి. చూడలేదు. కానీ ట్రామ్ దాటిపోతుండగా, మీటల పక్కనున్న అతని చెయ్యి కాస్త లేచింది, నాలుగు వేళ్ళు, చివర్న బొటనవేలు.